చింగ్‌యా కొండ బెయ్‌నియాంగ్: వీపున మోసిన తల్లి

చైనా దేశపు ఆగ్నేయాన, ఫుజియన్ సీమ లోపలి కొండల నడుమ చింగ్‌యా అనే కొండ ఉంది. చింగ్‌యా అంటే పచ్చని కొండచరియ అని అర్థం. కింద లియన్‌షీ నది ఒడ్డున బస్సు దిగిన యాత్రికులు పడవలో ఆవలి గట్టుకు చేరి, అక్కడి నుంచి నాలుగు వందల పన్నెండు రాతిమెట్లు ఎక్కి ఆలయానికి వస్తారు. దారి పొడవునా తేయాకు తోటలు, వాటికి పైన వెదురు, ఇంకా పైన నూనెగింజల కోసం పెంచే కమేలియా చెట్లు కనిపిస్తాయి. ఆలయం పెద్దది కాదు. బూడిదరంగు పెంకుల కప్పు, సున్నం వేసిన గోడలు, మూడు దిక్కులకు మూడు వాకిళ్ళు. ఏ వాకిలి గుండా వెళ్ళినా గర్భగుడి ముందరి ఒకే నడవాలోకి చేరతాము.

ఉదయం పూట వచ్చినవారికి ముందుగా ఆశ్చర్యం కలిగించేది ఆలయం కాదు, దాని ముందున్న, రాళ్ళు పరిచిన ముంగిలి. అక్కడ మూడు బృందాలు సాధన చేస్తూ ఉంటాయి. ఒక బృందంవారు వీపుల మీద ఉప్పు మూటలు పెట్టుకుని అడుగులు వేస్తారు. రెండో బృందంవారు పొట్టి పీటల మీద కూర్చుని నడుము, భుజాలు మాత్రం కదిలిస్తారు. మూడో బృందంవారి దగ్గర ఏమీ ఉండదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఎవరినో మోస్తున్నట్టు కాస్త ముందుకు వంగి తిరుగుతూ ఉంటారు. మూడు బృందాలవారూ నేర్చేది ఒకే విద్య. దాని పేరు బెయ్‌నియాంగ్ చ్యువాన్. చ్యువాన్ అంటే పిడికిలి, ముష్టియుద్ధం. కానీ ఈ విద్యలో పిడికిలి బిగించడమనేది ఎక్కడా లేదు. పిడికిలి లేని ముష్టియుద్ధం ఎలా పుట్టింది, ఒకే విద్య మూడు శాఖలుగా ఎందుకు చీలింది, అవి మళ్ళీ ఒకే కప్పు కిందికి ఎలా వచ్చాయి అనేది ఈ కొండవారు తరతరాలుగా చెప్పుకునే కథ. పెద్దలు చెప్పిన మేరకు దానిని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ఈ కొండకు మెట్లు లేని రోజులవి. ఒక రాజవంశం కూలిపోయి ఇంకొకటి ఇంకా నిలదొక్కుకోని కాలం. ఇప్పుడు పడవల రేవు ఉన్నచోట అప్పట్లో ముప్పై గడపల ఊరు ఉండేది. ఆ ఊరివారికి బతుకుతెరువు మూటలు మోయడం. సముద్రతీరం నుంచి పడవల్లో వచ్చిన ఉప్పును కొండల ఆవలికి వీపుల మీద చేరవేసేవారు.

ఆ ఊరిలో లాయ్ చ్యూమెయ్ అనే ఇరవై ఆరేళ్ళ స్త్రీ ఉండేది. ఆమె భర్త ఉప్పు మోస్తూ కొండదారిలో కాలు జారి చనిపోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది ఆమె, ఆమె అత్తగారు వెన్ అవ్వ. అవ్వకు ఆనాటికి యాభై మూడేళ్ళు. కొడుకు పోయిన ఏడాదే విషజ్వరం వచ్చి తగ్గింది కానీ, పోతూ పోతూ అది ఆమె కాళ్ళను పట్టుకుపోయింది. అప్పటి నుంచి నడుము కింది భాగం స్వాధీనంలో లేదు.

అత్తాకోడళ్ళ మధ్య తగవులు లేవు, మాటలూ లేవు. చ్యూమెయ్ పొద్దున్నే అత్తగారికి ముఖం కడిగి, గంజి తాగించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, మూట మోయడానికి వెళ్ళేది. సాయంత్రం వచ్చి మళ్ళీ ఎత్తి పడుకోబెట్టేది. అవ్వ ఎప్పుడూ బాగుందనలేదు, బాగులేదనలేదు. కొడుకును మింగిన కొండదారిలోకి కోడలు రోజూ వెళ్ళి వస్తుంటే ఆమెకు మాట పెగిలేది కాదు. కోడలేమో ఆ మౌనాన్ని చూసి, తాను మిగిలి కొడుకు పోయినందుకు అత్తగారికి కోపమేమో అనుకునేది.

ఒక వసంతకాలపు ఉదయం ఓడిపోయిన సైన్యం ఒకటి నది వెంబడి వెనక్కి వస్తోందని, దారిలో ఊళ్ళు తగలబెడుతోందని కబురు వచ్చింది. వెనువెంటనే దిగువన పొగ కనిపించింది. ఊరివారు పిల్లలను, కోళ్ళను, విత్తనపు వడ్లను చేతికందినట్టు ఎత్తుకుని కొండ మీదికి పరుగెత్తారు. చ్యూమెయ్ ఇంట్లోకి వచ్చేసరికి అవ్వ కిటికీ పక్కనే కూర్చుని ఉంది.

"బియ్యం సంచీ తీసుకో. చెంబు మరిచిపోకు," అంది అవ్వ. "నన్ను ఇక్కడే ఉండనివ్వు. ముసలిదాన్ని ఎవరేం చేస్తారు?"

చ్యూమెయ్ బియ్యం సంచీని అత్తగారి మెడలో వేసింది. ఆమె ముందు గొంతుక్కూర్చుని, ఆమె చేతులను తన భుజాల మీదుగా లాక్కుని, రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి వేళ్ళు కలిపి, వాటి మీద ఆమెను కూర్చోబెట్టుకుని లేచింది. గుడ్డతో కట్టుకునే వ్యవధి కూడా లేదు. అవ్వ "దించు" అని రెండుసార్లు అంది. మూడోసారి అనలేదు.

పిల్లాపాపలతో ఉన్నవారు పెద్దదారిన వెళ్ళారు. ఆ దారి వీపున మనిషిని మోసేవారికి దూరాభారం. చ్యూమెయ్ మేకలు నడిచే దారి పట్టింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, నడుమ రెండు అడుగుల వెడల్పు. సగం ఎక్కాక దారికి అడ్డంగా ముగ్గురు మనుషులు నిలబడి ఉన్నారు. సైన్యం నుంచి పారిపోయి వచ్చినవారు. ముఖాలు పీక్కుపోయి ఉన్నాయి. ఒకడి చేతిలో విరిగిన ఈటె కర్ర ఉంది. ముందున్నవాడు అవ్వ మెడలోని సంచీ చూశాడు.

"సంచీ ఇచ్చి పో," అన్నాడు.

ఇవ్వడానికి చ్యూమెయ్‌కు చేతులు ఖాళీ లేవు. వేళ్ళు విడదీస్తే అత్తగారు లోయలో పడుతుంది. వెనక్కి తిరిగే వీలు లేదు. అతడు సంచీ పట్టి లాగినా ఇద్దరూ పడతారు. అప్పుడు చెవిలో అవ్వ మాట వినిపించింది. రెండేళ్ళుగా ఎన్నడూ వినని, తొణుకూ బెణుకూ లేని గొంతు.

"ఎడమ మడమ మీద నిలబడు. ఊపిరి వదులు. అతను చెయ్యి చాపేదాకా కదలకు."

చ్యూమెయ్ అలాగే చేసింది. అతడు చెయ్యి చాచాడు.

"ఇప్పుడు తిరుగు. కొండవైపు."

ఆమె మడమ మీద తిరిగింది. ఒక మనిషి బరువుతో కాదు, ఇద్దరి బరువుతో తిరిగింది. ఆ ఊపుకు ఆమె తుంటి వెళ్ళి అతడి తొడకు తగిలింది. పట్టు దొరకక అతడు దారి అంచు నుంచి జారి, రెండు నిలువుల కింద ఉన్న రాతిచట్టు మీద పడ్డాడు. మోకాలు విరిగిన చప్పుడు పైదాకా వినిపించింది. ఈటె కర్రవాడు మీదికి వచ్చాడు. "కుడి భుజం దించు" అంది అవ్వ. కర్ర గాలిని కొట్టింది, వాడు తూలి కూలబడ్డాడు. చూస్తుండగానే లేచి, మూడోవాడితో కలిసి వచ్చిన దారినే పారిపోయాడు.

"ఇవన్నీ మీకెలా తెలుసు, అత్తయ్యా?" అని అడిగింది చ్యూమెయ్. ఆమెకు ఇంకా ఊపిరి అందడం లేదు.

"నడువు. పైకి వెళ్ళాక చెబుతాను."

కొండ మీద పాడుబడిన మేకల కొట్టంలో ఆ ఇద్దరూ తలదాచుకున్నారు. అక్కడ అవ్వ మొదటిసారి తన పుట్టింటి సంగతి చెప్పింది. ఆమె తండ్రి తేయాకు బిడారులకు కాపలా కాసే మనుషులకు గురువు. మగపిల్లలు లేనందున, పెరటి తలుపులు వేసుకుని కూతురికి విద్య నేర్పాడు. పెళ్ళయ్యాక అత్తింట్లో ఆ మాట ఎత్తే అవకాశం రాలేదు. ముప్పై ఐదేళ్ళు ఎవరికీ చెప్పకుండా మనసులోనే అడుగులు వేసుకుంటూ బతికింది. కాళ్ళు పోయాక మనసులో కూడా వేయడం మానేసింది.

"ఇవాళ నీ కాళ్ళతో వేశాను," అంది అవ్వ.

కింద చట్టు మీద పడ్డవాడు మూలుగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం దాటినా ఆ మూలుగు ఆగలేదు. వాడిని పైకి తేవాలని అవ్వ అంది. చ్యూమెయ్ ఒప్పుకోలేదు.

"మనల్ని లోయలోకి తోసేవాడు, అత్తయ్యా."

"తోసేవాడేమో. కానీ తోసింది మనం. ఆ మాట చెప్పింది నేను. రోజంతా ఆ మూలుగు వింటూ నేను అన్నం తినలేను."

కొండ పైకి చేరిన ఊరివారు ఇద్దరు వెళ్ళి వెదురు తడిక మీద వాడిని మోసుకొచ్చారు. పేరు తాన్ షెంగ్. వయసు ఇరవై రెండేళ్ళు. నాలుగు రోజులుగా ఆకులు తప్ప ఏమీ తినలేదు. తాను లాక్కోవాలనుకున్న ఆ సంచీలోని బియ్యంతోనే కాచిన గంజిని అవ్వ చేతుల మీదుగా తాగుతూ అతడు తల ఎత్తలేదు. మోకాలు అతికింది కానీ వంకరగా అతికింది. కర్ర ఊతంతో కొట్టం చుట్టూ తిరగగలడు, కొండ దిగలేడు. అలా అతడు అక్కడే ఉండిపోయాడు.

కింద ఊరు కాలిపోయింది. ఊరివారు కొండ మీదే గుడిసెలు వేసుకున్నారు. నీటి ఊట కిందుగా ఉండడంతో, అవ్వను ఒంటరిగా వదలలేక చ్యూమెయ్ ఆమెను మోసుకునే నీళ్ళకు వెళ్ళేది, తేయాకు కోతకు వెళ్ళేది. నడుస్తున్నంతసేపూ అవ్వ చెవిలో చెబుతూనే ఉండేది. పాదం ఎలా ఆనించాలి, బరువు ఎప్పుడు ఏ మడమ మీదికి పోనివ్వాలి, వీపు మీద ఉన్నవారికి కుదుపు తెలియకుండా ఎలా తిరగాలి. తండ్రి నేర్పిన విద్యలో పిడికిళ్ళున్నాయి, మోచేతి దెబ్బలున్నాయి. అవన్నీ తీసేసి, చేతులతో పని లేని అడుగులను మాత్రం అవ్వ ఉంచింది. లేనివి కొత్తగా కల్పించింది. ఒకసారి ఊరి ఆడవారు చంటిపిల్లలను కట్టుకునే వెడల్పాటి నీలిగుడ్డ తెచ్చి, దీనితో కట్టుకుంటే చేతులు ఖాళీ అవుతాయి కదా అన్నారు.

"చేతులు ఖాళీ అయితే మనిషిని కొట్టాలనిపిస్తుంది," అంది అవ్వ. "వాటిని నా కిందే ఉండనివ్వండి."

ఈ మాట నేటికీ సాధన మొదలుపెట్టే ముందు మూడు శాఖలవారూ చెప్పుకుంటారు.

మూటలు మోసేవారు ఈ నడక చూసి నేర్పమని అడిగారు. వారి వీపుల మీద అత్తగార్లు లేరు కాబట్టి ఉప్పు మూటలు పెట్టుకున్నారు. నేర్చుకున్నాక ఆ దారిలో కాలు జారి చనిపోయినవారు లేరు. దారికొట్టేవాళ్ళు అడ్డం వచ్చినా మూట దించకుండానే తప్పించుకుని వచ్చేవారు. ఇదే మొదటిదైన బరువు శాఖ.

తాన్ షెంగ్ మాత్రం ఈ నడక నేర్వలేడు. చ్యూమెయ్ అతడితో ఎక్కువ మాట్లాడేది కాదు. అతడి కుంటికాలు చూసినప్పుడల్లా కోపమూ సిగ్గూ కలిసి వచ్చేవి. అన్నం పెట్టేది, గిన్నె తీసుకెళ్ళేది, అంతే. మధ్యాహ్నాలు ఆమె అవ్వను గుమ్మంలో కూర్చోబెట్టి కొంతసేపు పొలానికి వెళ్ళినప్పుడు, నడవలేని ఆ ఇద్దరూ ఎదురెదురుగా పీటల మీద కూర్చుని ఉండేవారు. వారు ఏం మాట్లాడుకుంటారో ఆమె ఎన్నడూ అడగలేదు.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. చైనా పంచాంగపు తొమ్మిదో నెలలో కొండ మీద కమేలియా చెట్లు తెల్లగా పూశాయి. పైకి వెళ్ళి పూలు చూడాలని ఉందని అవ్వ అడిగింది. ఏదైనా కావాలని ఆమె అడగడం అరుదు. చ్యూమెయ్ పొద్దున పనులు ముగించుకుని ఆమెను వీపున వేసుకుని బయలుదేరింది. దారిలో అవ్వ మామూలుగానే మాట్లాడుతూ వచ్చింది. అక్కడ రాయి కదులుతోంది, చూసుకో అంది. ఎండ మెడ మీద పడుతోంది, నీడకు జరుగు అంది. తోట కనుచూపుమేరలోకి వచ్చేసరికి మాట ఆగిపోయింది.

తొమ్మిదేళ్ళు రోజూ మోసిన బరువు అది. మారితే చ్యూమెయ్‌కు తెలియకుండా ఉండదు. అయినా ఆమె ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. అడుగు తడబడకుండా తోట దాకా నడిచింది. చెట్ల మధ్యగా ఒక చుట్టు తిరిగింది. అత్తగారి ముఖం ఏ వైపు ఒరిగి ఉందో ఆ వైపు పూలుండేలా చూసుకుంటూ నడిచింది. అప్పుడు ఎక్కువ పూలు రాలి ఉన్న చెట్టు కింద మెల్లగా దించింది. అవ్వ సమాధి ఆ చెట్టు కిందే ఉంది.

ఆ తర్వాత జరిగినదే ఈ కథకు ప్రాణం.

ఖాళీ వీపుతో చ్యూమెయ్ నడవలేకపోయింది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా జారని మనిషి నీటి ఊట దగ్గర రెండుసార్లు పడిపోయింది. తేయాకు మడుల్లో పడిపోయింది. మడమ మీద తిరగబోతే ఒళ్ళు గాలికి కొట్టుకుపోయినట్టు పక్కకు పోయేది. మూటలు మోసేవారు ఆమె వీపు మీద ఉప్పు మూట పెట్టి చూశారు. నాలుగు అడుగులు వేసి దించేసింది.

"ఉప్పు మూట మాట్లాడదు," అంది.

నేర్పడం మానేసింది. గుమ్మంలో అవ్వ కూర్చునే చోటు ఊడ్చి, అక్కడే ఒక పక్కగా కూర్చుని ఉండేది. శీతాకాలం వచ్చింది, పోయింది.

ఒక ఉదయం తాన్ షెంగ్ కర్ర ఊతంతో ఆమె ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఒక మాట అడగాలి. తొమ్మిదేళ్ళుగా అడగలేకపోయాను."

"అడుగు."

"ఈ నది పెద్దనదిలో కలిసేచోట, షాన్‌వేయ్ పల్లెలో మా అమ్మ ఉండేది. సైన్యం నన్ను పట్టుకుపోయిన రోజు ఆమె వల అల్లుతోంది. ఉందో లేదో తెలియదు. ఆ దారిలో నేను దిగలేను."

"ఎత్తుకెళ్ళమని మూటలవాళ్ళను అడగలేకపోయావా?"

"వాళ్ళు తీసుకెళ్ళేవాళ్ళే. కానీ అమ్మ ఎవరు తెచ్చారని అడుగుతుంది కదా. ఎవరి గంజి తాగి బతికానో వాళ్ళే తెచ్చారని చెప్పాలని ఉంది."

చ్యూమెయ్ చాలాసేపు అతడి మోకాలిని చూసింది. ఆ తర్వాత లేచి, అతడి ముందు గొంతుక్కూర్చుని, చేతులు వెనక్కి పెట్టింది.

అతడు అవ్వ కంటే బరువు. వీపున అమరిన తీరు కూడా వేరు. మేకల దారిలో దిగుతూ ఆమె రెండుసార్లు కొండకు ఆనుకుని ఆగింది. మూడోసారి ఆగిన చోటు, ఆ ముగ్గురు సైనికులూ అడ్డం నిలబడిన చోటే. కింద రాతిచట్టు కనిపిస్తోంది. ఆమె కాళ్ళు కదలలేదు. వీపు మీద ఉన్నది ఆనాడు తాను పడదోసిన మనిషే అన్న సంగతి అప్పుడే తెలిసినట్టు చెమటలు పట్టాయి.

అప్పుడు చెవిలో మాట వినిపించింది.

"ఎడమ మడమ మీద నిలబడు. ఊపిరి వదులు. తొందరేమీ లేదు, రాయి నిన్ను చూసి పారిపోదు."

గొంతు తాన్ షెంగ్‌దే. మాటలు అవ్వవి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నొక్కి పలకాలో, అన్నీ అవ్వవే. చ్యూమెయ్ ఎడమ మడమ మీద నిలబడింది. ఊపిరి వదిలింది. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక అవి అలాగే జారిపోయాయి.

"ఈ మాటలు నీకెలా తెలుసు?"

"రోజూ మధ్యాహ్నం చెప్పించుకునేది, అక్కా. తప్పు పలికితే మళ్ళీ మొదటి నుంచి చెప్పమనేది. పీట మీద కూర్చునే నడుము ఎలా తిప్పాలో నేర్పింది, ఈ మాటలూ నేర్పింది. ఎందుకని అడిగితే, నేను పోయాక నా కోడలు పడిపోతుంది, దాని చెవిలో చెప్పేవాళ్ళు ఒకరుండాలి అనేది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"వీపు మీద ఉన్నప్పుడే చెప్పమంది. ఎదురుగా నిలబడి చెబితే అది ఆజ్ఞలా ఉంటుందట."

చ్యూమెయ్ నడక మొదలుపెట్టింది. ఆ దారి పొడవునా అతడు చెబుతూ వచ్చాడు, ఆమె నడుస్తూ వచ్చింది. ఒక్కసారి కూడా కాలు తడబడలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి షాన్‌వేయ్ చేరారు.

తాన్ షెంగ్ తల్లి బతికే ఉంది. చూపు చాలావరకు పోయినా వల అల్లుతూనే ఉంది. కొడుకు గొంతు విని వల పక్కన పెట్టింది. అతడి ముఖం, భుజాలు తడిమి, కిందికి వచ్చి వంకర మోకాలి దగ్గర ఆగింది.

"ఎవరు చేశారు?" అని అడిగింది.

"నన్ను మోసుకొచ్చిన ఈ అక్కే, అమ్మా."

ఆమె చేయి ఆ మోకాలి మీదే కాసేపు ఉంది. చ్యూమెయ్ గుమ్మం బయట తల వంచుకుని నిలబడింది. ఏ మాట వచ్చినా పడడానికి సిద్ధమై ఉంది.

"అయితే చాలా దూరం నుంచి వచ్చింది," అంది ముసలామె. "కాళ్ళకు నీళ్ళివ్వు. లోపలికి రమ్మను."

చ్యూమెయ్ ఆ ఇంట మూడు రోజులు ఉండి తిరుగు ప్రయాణమైంది. తాన్ షెంగ్ తల్లి దగ్గరే ఉండిపోయాడు. అవ్వ పీట మీద కూర్చుని నేర్పిన విద్యను అక్కడి జాలరులకు నేర్పాడు. ఊగే పడవలో కూర్చుని వల లాగేవారికి అది బాగా పనికొచ్చింది. నడవలేని ముసలివారు, కాలు దెబ్బతిన్నవారు కూడా వచ్చి చేరారు. అది రెండోదైన పీట శాఖ.

తిరిగి వచ్చేటప్పుడు చ్యూమెయ్ వీపు మళ్ళీ ఖాళీ అయింది. అయితే ఈసారి ఆమె చేతులు వెనక్కి కట్టుకుని, చెవిలో వినవలసిన మాటలను తానే పైకి అనుకుంటూ నడిచింది. పడిపోలేదు. లియన్‌షీ రేవులో పడవ ఎక్కినప్పుడు నది పోటు మీద ఉంది. పడవలో ఉన్నవారంతా అంచులు పట్టుకుని కూర్చుంటే, ఈమె చేతులు వెనక పెట్టుకుని నిటారుగా నిలబడి ఉంది. ఆ పడవ నడిపే స్త్రీ పేరు షుయ్‌లియన్. నది మీదే పుట్టి పెరిగిన మనిషి. నీటి మీద అలా నిలబడినవారిని ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏం మోస్తున్నావక్కా?" అని అడిగింది.

"మా అత్తగారిని."

షుయ్‌లియన్ నవ్వలేదు. పడవ గట్టుకు చేరాక, తెడ్డు చెల్లెలికి అప్పగించి ఆమె వెంట కొండ ఎక్కింది. ఆమె అవ్వను చూడలేదు, ఉప్పు మూట ఎత్తలేదు. ఖాళీ వీపుతోనే నేర్చుకుంది. అదే మూడోదైన ఖాళీ వీపు శాఖ.

చ్యూమెయ్ డెబ్బై ఒకటో ఏట కన్నుమూసింది. ఆమెను అత్తగారి పక్కనే ఉంచారు. ఆమె ఉన్నంతకాలం రాని పేచీ ఆ మర్నాడే వచ్చింది. బరువు లేనిదే ఈ విద్య లేదని మూటలవారు అన్నారు. విద్య అసలు అవ్వది, అవ్వ నోటి నుంచి నేరుగా వచ్చింది తమదేనని పీట శాఖవారు కబురు పంపారు. గురువు చివరిదాకా సాధన చేసింది ఖాళీ వీపుతోనే కదా అని షుయ్‌లియన్ శిష్యులు అన్నారు. గుడి కట్టాలని అందరూ ఒప్పుకున్నారు కానీ ఎవరి పేరున కట్టాలన్న దగ్గర ఆగిపోయింది. రెండేళ్ళు పునాది రాళ్ళు ఎండకు ఎండి వానకు తడిశాయి.

ఆ రెండో ఏడు, పూలు పూసే రోజుల్లో, వయసు మళ్ళిన షుయ్‌లియన్ సమాధుల దగ్గర శుభ్రం చేసి, మధ్యాహ్నపు ఎండలో చెట్టుకు ఆనుకుని కునికింది. కలలో చ్యూమెయ్ కొండ ఎక్కుతూ వస్తోంది. వీపు మీద ఒక ముసలామె ఉంది. ఎన్నడూ చూడకపోయినా ఆమె ఎవరో షుయ్‌లియన్‌కు తెలిసింది. వారి వెనక, చ్యూమెయ్ నడుముకు వేలాడుతూ మూడు శాఖలవారూ తోసుకుంటున్నారు. ముసలామె వెనక్కి తిరిగి చూసి, "దిగండర్రా. నా కోడలికి నడుము నొప్పి పుడుతుంది," అంది.

మెలకువ వచ్చాక షుయ్‌లియన్ మూటలవారిని పిలిచి ఈ కల చెప్పింది. వారు మారుమాట్లాడకుండా షాన్‌వేయ్ వెళ్ళి, డెబ్బైకి దగ్గరపడిన తాన్ షెంగ్‌ను వంతులవారీగా మోసుకుంటూ కొండ మీదికి తెచ్చారు. అతడు కల సంగతి విని చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత ఏడ్చాడు. ఆ మాటతీరు సరిగ్గా అవ్వదే అన్నాడు.

ఏ శాఖకు ఆ శాఖ తన వైపు వాకిలి పెట్టుకోవాలని, లోపల గోడ ఉండకూడదని ఆనాడు మూడు శాఖలవారూ నిర్ణయించారు. కర్పూరపు చెక్కతో విగ్రహం చేయించారు. వంగి నడుస్తున్న స్త్రీ, ఆమె వీపున వృద్ధురాలు, వృద్ధురాలి పెదవులు ఆమె చెవి దగ్గర. ఇద్దరినీ ఒకే దుంగ నుంచి చెక్కినందున ఒకరి నుంచి ఇంకొకరిని విడదీయడం కుదరదు. ఇక పేరు. చైనా భాషలో బెయ్ అంటే వీపు, వీపున మోయడం. నియాంగ్ అంటే తల్లి, ఇల్లాలు. బెయ్‌నియాంగ్ అంటే మోసిన తల్లి అని చెప్పవచ్చు, వీపున ఉన్న తల్లి అని కూడా చెప్పవచ్చు. అత్త పేరు పెట్టాలా, కోడలి పేరు పెట్టాలా అన్న తగవు ఆ పేరుతో తీరిపోయింది. గుడికి, విద్యకు, అమ్మవారికి ఆ ఒక్క పేరే స్థిరపడింది.

నేడు ఆలయం సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు తెరిచి ఉంటుంది. యాత్రికులు కమేలియా నూనెతో దీపం పెట్టి, తేనీరు నివేదించి, అదే తేనీటిని ప్రసాదంగా స్వీకరిస్తారు. మూడు శాఖలవారు ఏడాదికి నాలుగు నెలల చొప్పున పూజా బాధ్యత నిర్వహిస్తారు. ఒక శాఖలో చేరినవారు మిగతా రెండింటిలోనూ తలా ఒక ఏడాది గడిపిన తర్వాతనే ఇతరులకు నేర్పడానికి అర్హులవుతారు. మోయడం రాని గురువు, కూర్చుని వినడం రాని గురువు, ఒంటరిగా నిలబడడం రాని గురువు ఈ కొండ మీద లేరని స్థానికులు గర్వంగా చెప్పుకుంటారు.

తొమ్మిదో నెల తొమ్మిదో రోజున జరిగే ఉత్సవానికి దూరప్రాంతాల నుంచి కుటుంబాలు వస్తాయి. ఆ రోజు నడవలేని పెద్దవారిని కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు వీపున మోసుకుని మెట్లు ఎక్కుతారు. పల్లకీలు, కుర్చీలు ఆనాడు అనుమతించరు. దారిలో మోసేవారు మాట్లాడరు. మోయించుకునేవారు చెవిలో దారి చెబుతూ ఉండాలి. ఏళ్ళ తరబడి మాటలు లేని తల్లీకొడుకులు, అత్తాకోడళ్ళు ఈ నాలుగు వందల పన్నెండు మెట్ల మీద మళ్ళీ కలిసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయని అర్చకులు చెబుతారు. ఇలా ఎక్కినవారికి మోకాళ్ళ బాధలు తగ్గుతాయని, ఇంట పెద్దల దీవెన నిలుస్తుందని భక్తుల విశ్వాసం.

మోయడానికి ఎవరూ లేనివారు కూడా ఆ రోజు వస్తారు. తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నవారు, ఇంట పెద్దదిక్కు లేనివారు కింద మొదటి మెట్టు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడితే చాలు. తోడు లేకుండా వచ్చిన వృద్ధులు వారిని చూసి దగ్గరికి వెళ్ళి, పేరు అడిగి, వీపున ఎక్కుతారు. నిరుడు ఉత్సవంలో అలా నిలబడినవారు ముప్పై ఒక్కమంది. పొద్దు వాలేలోగా మొదటి మెట్టు దగ్గర ఎవరూ మిగలలేదు.